నీలిమందు పువ్వు

మిలిటరీ అకాడమీలో చేరిన రెండో వారంలో మా అందరి చేతా ఒక కాగితం రాయించారు. నువ్వు నీతోపాటు ఇక్కడికి తెచ్చిన నాయకత్వ లక్షణాలేమిటి, ఒక్క పేజీ మించకుండా రాయి అని. నా పక్క మంచం అమ్మాయి రెండు వైపులా నింపేసి ఇంకో కాగితం అడిగి తిట్లు తింది. నేను నాలుగు ముక్కలు రాసి ఇచ్చేశాను. పెందలాడే లేస్తాను, పరుగు ఆపను, చెప్పిన పని చేస్తాను, వేళ తప్పను. అవి నాయకత్వ లక్షణాలు కావని నాకూ తెలుసు. మా ఊరి సమాధుల తోట సంగతి రాసి ఉంటే పేజీ నిండిపోయేది. దాన్ని ఒకసారి ఫారంలో రాసి, ఒకసారి నోటితో చెప్పి ఇక్కడిదాకా వచ్చినదాన్ని నేను. మూడోసారి చెయ్యి రాలేదు. అందుకే ఎవరూ మార్కులు వెయ్యని ఈ చోట రాస్తున్నాను.

మాది అమలాపురానికి దగ్గరలో కాలువ గట్టున ఉన్న ఊరు. నాన్న హైస్కూలు హెడ్మాస్టరు. మా తాతయ్య, మామ్మ ఒకళ్ళ చేలో కూలికి వెళ్ళి ఆయన్ని చదివించారు. మా వీధిలో చాలా ఇళ్ళ కథ ఇదే. చదువుకున్న ఇళ్ళు డాబాలయ్యాయి, చదువు అందని ఇళ్ళు అలాగే ఉండిపోయాయి. అందరం ఆదివారం ఒకే చర్చిలో కూర్చుంటాం కాబట్టి ఆ తేడా మాకు పెద్దగా కనబడదు. నాకైతే అసలు కనబడేది కాదు.

ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నాకు మిలిటరీ పిచ్చి పట్టింది. అమ్మాయిల్ని కూడా తీసుకుంటున్నారని తెలిసిన రోజు నుంచి పొద్దున్నే సైకిలు మీద అమలాపురం గ్రౌండుకి వెళ్ళేదాన్ని. అక్కడ ఒక రిటైర్డు సుబేదారు గారు మా చేత పరుగులు పెట్టించేవారు. ముప్పై ఏళ్ళు సరిహద్దుల్లో తిరిగినా ఆయన నోట్లోంచి గోదావరి పోలేదు. అరిచినా మర్యాదగానే అరిచేవారు. "అదేం నడకండీ అమ్మాయిగారూ, పరిగెట్టండి!" అనేవారు. ఒకరోజు ఇంటర్వ్యూ ఫారం ఎలా ఉంటుందో చూపించి నా చేత నింపించారు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అన్నీ బానే ఉన్నాయమ్మా. మార్కులున్నాయి, పరుగుంది. కానీ మీరు ముందు నిలబడి పదిమంది చేత చేయించిన పని ఒక్కటీ కనబళ్ళేదు. వాళ్ళు ముందడిగేది అదేనండి."

ఫారంలో ఖాళీగా ఉన్న ఆ గడి నింపడానికి నేను పని వెతుక్కున్నాను. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఆ పని అవసరమని చెయ్యలేదు, గడి ఖాళీగా ఉందని చేశాను.

ఆ ఏడాదే నన్ను మా చర్చి యవ్వనస్థుల కూటానికి కార్యదర్శిని చేశారు. ఈస్టరు దగ్గరపడుతోంది. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని ఊరి చివర సమాధుల తోటకి వెళ్ళి అక్కడే ఆరాధన చేస్తాం. ముందురోజు శనివారం ఎవరి మనుషుల సమాధులకి వాళ్ళు సున్నం వేసుకుంటారు. ఎవరూ నేర్పింది కాదు గానీ, మా దగ్గర ఒకరి సమాధి మీద ఇంకొకరు కుంచె పెట్టరు. దానితో తోట చూడ్డానికి అతుకుల బొంతలా ఉండేది. ఒకటి తెల్లగా మెరుస్తుంటే, దాని పక్కది పాచిపట్టి, దాని పక్కది గడ్డిలో మునిగిపోయి ఉండేది. వెనక వైపు పేదవాళ్ళ మట్టి సమాధులైతే అసలు వరుసే ఉండేది కాదు. వానలకీ వరదకీ దిబ్బలు కుంగిపోయి, చెక్క సిలువలు తలో పక్కకీ ఒరిగి ఉండేవి. నాకు వంకర వరుస కనబడితే ఒళ్ళు మంట. నా గడికి సరిపడా పని దొరికిందని తెగ సంబరపడ్డాను.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు పాస్టరు గారి చేత ప్రకటన చేయించాను. ఈసారి ఎవరూ శ్రమ పడనక్కర్లేదు, తోట మొత్తం యవ్వనస్థులమే బాగుచేస్తాం అని. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పెద్దవాళ్ళు "ఆయ్, మంచిదమ్మా, మంచిపని" అంటూ నా బుగ్గలు పుణికి వెళ్ళారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. మా వైపు మనుషులు మొహం మీద వద్దనలేరు. అది తెలిసే నేను ఇంకెవర్నీ విడిగా అడగలేదు.

శనివారం పొద్దున ఆరింటికి పన్నెండు మందిమి దిగాం. మూడు దళాలు చేశాను. ఒక దళం గడ్డి కోసింది, ఒకటి సిలువలు పీకింది, ఒకటి సున్నం కలిపింది. నేను మెడలో విజిలు వేసుకుని పురికొస పట్టుకున్నాను. ఈ చివరా ఆ చివరా మేకులు పాతి పురికొస బిగించి, ఆ గీత వెంట దిబ్బలన్నిటినీ చదును చేసి, మళ్ళీ సమానంగా పోయించాను. పీకిన సిలువలన్నీ ఒకచోట కుప్ప వేయించి తెల్లరంగు పూయించాను. పేర్లు ఏమవుతాయని మా వాళ్ళలో ఒకడు అడిగాడు. చర్చి రిజిస్టరు చూసి లిస్టు రాసుకొచ్చానని, సాయంత్రం అన్నీ కొత్తగా రాయిస్తానని చెప్పాను. రిజిస్టర్లో పేరూ తేదీ ఉంటాయి. ఎవరు ఎక్కడున్నారో ఉండదు. ఆ సంగతి నాకు తట్టకపోవడానికి కారణం ఒకటే. మా తాతయ్య సమాధి మీద నల్ల గ్రానైటు పలక ఉంది. దాని మీద పేరు చెక్కి ఉంటుంది. ఎంత సున్నం పడినా తుడిస్తే పోతుంది.

తొమ్మిదింటికి, మేమంతా మామ్మగారని పిలిచే ఒక పెద్దావిడ వచ్చింది. మా మామ్మతో కలిసి నాట్లు వేసిన మనిషి. పిల్లలెవరూ మిగల్లేదు, భర్త పోయి చాలాకాలమైంది. ఒక చేతిలో చిన్న సున్నం డబ్బా, ఇంకో చేతిలో కాగితం పొట్లం పట్టుకుని తిన్నగా పిల్లల మూలకి నడిచింది. తోటలో వెనక మూల పసిపిల్లల్ని పెట్టే చోటు అది. అప్పటికి అక్కడ మూడు చిన్న దిబ్బలుండేవి, వాటి మీదికి ఒరిగిన ఒక నందివర్ధనం చెట్టు ఉండేది. ఆవిడ వెళ్ళేసరికి చెట్టు లేదు. వరుసకి అడ్డమొస్తోందని అరగంట ముందే కొట్టించాను.

"మామ్మగారూ, మీరెందుకండీ ఎండలో? మా వాళ్ళు వేసేస్తున్నారు. అలా నీడన కూర్చోండి," అన్నాను.

"నా పాపదొక్కటీ నేనేసుకుంటానమ్మా. పువ్వుంటది కదా దానికి," అంది.

ఏ పువ్వని నేను అడగలేదు. కొట్టేసిన చెట్టు గురించి అంటోందనుకున్నాను. "చివర్లో మీకు చూపిస్తాంలెండి" అన్నాను. స్కూల్లో నాన్న తల్లిదండ్రులతో మాట్లాడే గొంతుతోనే అన్నాను, అది బాగా గుర్తుంది. "ఆయ్" అని ఆవిడ వెళ్ళి గోడ నీడన కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నందాకా అలాగే కూర్చుంది.

ఆ పువ్వేమిటో తర్వాత తెలిసింది. ఆవిడ పాప బాప్తిస్మం అవకుండానే పోయింది. పేరు లేదు. రిజిస్టర్లోనూ లేదు. పేరు లేని సిలువ మీద ఏం రాయాలో తెలియక ఆవిడ భర్త బట్టలకు పెట్టే నీలిమందు కలిపి ఒక పువ్వు వేశాడట. ఆయన పోయాక ఏటా ఆవిడే దిద్దుకుంటోంది. పొట్లంలో ఉన్నది నీలిమందు. సిలువలు పీకేటప్పుడు ఒకదాని మీద నీలిమరక చూశాను నేను. బూజు పట్టిందనుకుని రెండు పూతలు ఎక్కువ వెయ్యమన్నాను.

సాయంత్రం వచ్చినవాళ్ళని చోటు అడుగుతూ పేర్లు రాయిస్తే, చివరికి పిల్లల మూలలో మూడు సిలువలకి లిస్టులో రెండే పేర్లు మిగిలాయి. మొదటి దాని మీద ఒకటి, మధ్యదాని మీద ఒకటి రాయించి చివరిది ఖాళీగా వదిలేశాను. మామ్మగారిని పిలిచి, "పేరు లేనిది మీదేనండి, ఇదిగో ఈ చివరిది," అని చూపించాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. నరికిన చెట్టు మొదలు కోసం అనుకుంటాను, నేల తడుముకుంటూ చూసింది. మొదలు కూడా తవ్వించేశాను నేను. "ఇంకాస్త ఇటనుకుంటానమ్మా..." అంది.

"కాదండీ. లిస్టు ప్రకారమే రాశాం."

లిస్టన్న మాటకి ఆవిడ సరేనని తలూపింది. చదువు రాని మనిషి, ఎదురుగా హెడ్మాస్టారి అమ్మాయి, చేతిలో కాగితం. నలభై ఏళ్ళు ఏటా వచ్చి కూర్చున్న చోటు ఆవిడకి తెలుసు. అయినా నా కాగితాన్నే నమ్మింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియదు నాకు.

మర్నాడు తెల్లవారుజామున తోట చూసి అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. సిలువలన్నీ సావధానంలో నిలబడ్డ ప్లటూనులా ఉన్నాయి. నాన్న ఫోన్లో వీడియో తీస్తున్నారు. నేను గర్వంగా తిరుగుతూ పిల్లల మూల వైపు వెళ్ళాను. మామ్మగారు చివరి దిబ్బ దగ్గర కొవ్వొత్తి నిలబెట్టి, కాసేపు చూసి, మళ్ళీ పీకింది. దాన్ని మూడు ముక్కలుగా విరిచి మూడు దిబ్బల మీదా వెలిగించింది. అలా ఎందుకని అడిగాను.

"పర్లేదులెండమ్మా. ముగ్గురూ పిల్లలే కదా," అంది.

ఏ దిబ్బ తన పాపదో ఆవిడకి తెలియకుండా చేశానని అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైనా, ఎవరో ఫోటోకి పిలిస్తే వెళ్ళిపోయాను.

ఆ పని ఫారంలో గడి నింపింది. రాత పరీక్ష పాసయ్యాను, అక్టోబరులో ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాన్న ఉత్సాహంగా ఫైలు తయారుచేయిద్దామన్నారు. తోట పనికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో పక్కపక్కన పెట్టాలని ఫోనులో వెతుకుతుంటే, శనివారం పొద్దున పని మొదలెట్టకముందు నేను తీయించుకున్నది కనబడింది. పిల్లల మూలలో చేతులు కట్టుకుని, టోపీ పెట్టుకుని, దండయాత్రకి వచ్చినదానిలా నిలబడ్డాను. నా తల మీద నందివర్ధనం కొమ్మ ఉంది. నాకు ఈ పక్కన ఒక సిలువ, ఆ పక్కన ఒక సిలువ ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే రెండింటి మీదా నల్లటి అక్షరాలు, రెండు పేర్లూ చదవడానికి వస్తున్నాయి. మూడోది కనబడదు. అది మధ్యలో ఉంది, నా వెనకాల.

అంటే మామ్మగారి పాప మధ్యలో ఉంది. ఇంకాస్త ఇటనుకుంటానమ్మా అని ఆవిడ చూపించింది మధ్యదాన్నే.

ఆ ఫోను పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళడానికి ఐదు నిమిషాలు చాలు. మా వీధి చివర తిరిగితే ఆవిడ గుమ్మమే. ఇంటర్వ్యూ అయ్యాక వెళ్దామనుకున్నాను. ఈ సంగతి బయటపడితే సున్నం వేసిన పిల్లలు, పాస్టరు గారు, నాన్న అందరూ ఏమనుకుంటారో, సుబేదారు గారి చెవిన పడితే ఏమంటారో అని నా బాధ. ఆవిడ బాధ గురించి నేను ఆలోచించలేదు. అబద్ధమాడటం ఎందుకు, ఆ వారంలో నేను ఆలోచించిందల్లా జవాబుల గురించే.

ఇంటర్వ్యూ ఉత్తరాదిన ఒక ఊళ్ళో జరిగింది. ఎదురుగా కూర్చున్న పెద్ద అధికారికి జలుబు చేసింది. వేడినీళ్ళు చప్పరిస్తూ నా ఫారం చదివి, ఆ సమాధుల తోట పనిలో నీ వల్ల ఏదైనా తప్పు జరిగిందా అని అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా సిద్ధంగా ఉంది. ఒక పెద్దావిడ బిడ్డ సమాధి గుర్తు పోగొట్టానని, తర్వాత పాత ఫోటో వెతికి దాన్ని కనిపెట్టానని, ఆవిడ దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడిగి చూపించానని చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి దీవించిందని కూడా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, "మంచిది. తప్పు ఒప్పుకునే ధైర్యం అందరికీ ఉండదు," అన్నాడు.

ఇంటికి వచ్చాకైనా వెళ్ళాల్సింది. చిత్రమేమిటంటే, ఒకసారి అంత బాగా చెప్పేశాక ఆ పని చేసేసినట్టే అనిపించింది. ఒకరోజు మెడికల్ టెస్టన్నాను, ఒకరోజు క్రిస్మస్ పాటల ప్రాక్టీసన్నాను. ఫలితాలు వచ్చి నా పేరు లిస్టులో ఉందని తెలిశాక వీధి మొగలో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. మామ్మగారు అర డజను చక్కెరకేళి పళ్ళు పట్టుకొచ్చింది. ప్రార్థన అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు తల్లీ. మన పిల్లవి," అంది. ఇంటర్వ్యూలో నేను కల్పించి చెప్పిన దీవెన అచ్చంగా అదే. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోయాను గానీ, వచ్చినవాళ్ళకి టీలు అందించడానికి లేచాను.

మళ్ళీ ఈస్టరు వచ్చింది. నేను అకాడమీకి బయల్దేరడానికి ఇంకా రెండు నెలలుంది. ఆరాధన అయ్యేసరికి తెల్లగా తెల్లారిపోయింది, జనం గేటు వైపు కదులుతున్నారు. పిల్లల మూలలో మధ్య దిబ్బ దగ్గర ఒకామె కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. అల్లవరం వైపు ఇచ్చిన మా ఊరి ఆడపడుచు ఆమె. పుట్టింటికి పురిటికి వచ్చినప్పుడు బిడ్డ పోయాడు. ఏడాదికి ఒక్కసారి, ఈస్టరుకి వచ్చి వెళుతుంది. ఆమె లేచి వెళ్ళాక మామ్మగారు వచ్చి, తెచ్చుకున్న ఒక్క కొవ్వొత్తినీ మూడు ముక్కలు చేసింది.

చూడలేకపోయాను. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ఫోటో చూపించి అంతా చెప్పేశాను. రెండు పక్కలా ఉన్నవి వేరే వాళ్ళవని, ఆవిడ పాప మధ్యలో ఉందని, నేనే తప్పు రాయించానని చెప్పాను. ఇంటర్వ్యూలో చెప్పినప్పటిలా మాటలు రాలేదు. నత్తినత్తిగా చెప్పాను. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని నందివర్ధనం కొమ్మని చాలాసేపు చూసింది.

"ఎప్పుడు తెలిసిందమ్మా?" అంది.

ఈ ప్రశ్న అడుగుతుందని నేను అనుకోలేదు. దీనికి జవాబు సిద్ధం చేసుకోలేదు.

"అక్టోబరులోనండి," అన్నాను.

"ఆయ్," అంది.

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండుననుకున్నాను. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది, నెలలే అయుంటాయి. తర్వాత మధ్య సిలువ వైపు చెయ్యి చూపించింది.

"మరి దీని మీదేదో రాసుంది కదమ్మా. ఎవరి పేరది?"

చెప్పాను. అల్లవరం ఆమె బిడ్డ పేరని.

మామ్మగారు నా మొహంలోకి చూసింది. ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదలు.

"అయితే ఆ పిల్ల పోయినేడాదీ, ఇందాకా కూడా నా పాప దగ్గర కూర్చుని ఏడ్చిందా? దాని బిడ్డ దగ్గర ఎవరూ కూర్చోలేదా?"

అక్టోబరు నుంచి ఆ ఫోటోని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మామ్మగారి ముందు నేను ఎలా కనబడతానో అన్ని రకాలుగానూ ఆలోచించాను. మధ్యది ఆవిడదైతే దాని మీద పేరున్న బిడ్డ చివర ఉన్నాడని, వాడికీ ఒక తల్లి ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆవిడకి అది తట్టడానికి ఒక్క నిమిషం పట్టింది.

"ఉందా, వెళ్ళిపోయిందా?" అంటూ ఆవిడ లేచింది.

"గేటు దగ్గరున్నారండి. ఆటో కోసం చూస్తున్నారు."

"పదమ్మా. నువ్వే చెప్పాల. నేను పక్కనుంటాను."

కొవ్వొత్తి ముక్కల్ని వెలిగించకుండా అలాగే గుప్పిట్లో పట్టుకుని, చీర కాస్త పైకెత్తి, నేను పురికొస కట్టి తీర్చిన ఆ సిలువల మధ్య నుంచి ఆవిడ అడ్డంగా నడిచింది. నేను వెనకాల నడిచాను. ఆటో ఇంకా రాలేదు.